ఇంటి స్టూడియోకు ఏ సాఫ్ట్‌వేర్?

గదిలో ఓ మూల మైకు పెట్టుకుని కథలు చదివేవాళ్లు, పద్యాలు పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, జానపదాలు కట్టి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఇప్పుడు తెలుగువాళ్లలో చాలామంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లను ఎవరిని కదిలించినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ బాగా వస్తుంది? దీనికి సూటిగానే జవాబు చెప్పవచ్చు. అన్నిట్లోనూ ఒకేలా వస్తుంది. అదే మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే అదే ఇంటర్‌ఫేస్, అదే గది, అదే గొంతు అయితే ఉచితంగా దొరికే ఆడాసిటీలో పడే శబ్దమూ, సినిమా స్టూడియోల్లో వాడే ప్రో టూల్స్‌లో పడే శబ్దమూ ఒక్కటే. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్షించుకోండి. ఒకే వేవ్ ఫైల్‌ను రెండు సాఫ్ట్‌వేర్లలోకి తీసుకుని, ఏ ఎఫెక్టూ వేయకుండా, ఫేడర్ కదపకుండా, బిట్ డెప్త్ మార్చకుండా రెండింటి నుంచీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒకదాని ఫేజ్ తిరగేసి రెండోదానితో కలిపి వినండి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది.

గొంతు బాగా పడటం, పడకపోవడం సాఫ్ట్‌వేర్ చేతిలో లేదు. తల మీద తిరిగే ఫ్యాను, ఎదురుగా ఉన్న నున్నటి గోడ, నోటికీ మైకుకీ మధ్య దూరం దాన్ని తేలుస్తాయి. మరి సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఆలోచించాల్సింది ఏమిటి? మనం చేసే పనికి అది సరిపోతుందా, దిద్దుబాటు చేసేటప్పుడు అసలు రికార్డింగ్‌ను భద్రంగా ఉంచుతుందా, ధర మన అందుబాటులో ఉందా, పదేళ్ల తర్వాత ఆ పని మళ్లీ తెరుచుకుంటుందా. ఈ సమీక్షలో నేను కొలబద్దగా పెట్టుకున్నవి ఇవే.

ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో పని కోసం పుట్టింది. ఆ పుట్టుమచ్చ ఇప్పటికీ పోలేదు. హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో అటారి కంప్యూటర్ కోసం తెచ్చిన క్యూబేస్, మిడి స్వరాలు రాసుకుని వాయిద్యాలను నడిపించే సాధనం. అందుకే సంగీత దర్శకులకు అది ఇవాళ్టికీ చేతికి అలవాటైన పనిముట్టు. ప్రో టూల్స్ 1991లో నాలుగు ట్రాకులతో, టేపు యంత్రానికి బదులుగా వచ్చింది. దాని నడక ఇప్పటికీ రికార్డింగ్ ఇంజనీరు నడకే. బెల్జియంలోని ఇమేజ్-లైన్ 1997 చివర్లో ఫ్రూటీలూప్స్ పేరుతో మొదలుపెట్టిన ఎఫ్ఎల్ స్టూడియో డ్రమ్ బీట్లు పేర్చుకోవడానికి పుట్టింది. ఆడాసిటీని 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 మే నెలలో అది అందరికీ అందింది. శబ్దాన్ని గీతల్లో చూసి, కోసి, అతికించడం దాని పని. రీపర్‌ను తయారుచేసింది విన్యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్. 2005 చివర్లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఇప్పటికీ 20 ఎంబీలోపు డౌన్‌లోడ్. పాత ల్యాప్‌టాప్‌ను కూడా ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంది.

ముందు మాటే ప్రధానమైన పనిని చూద్దాం. కథ, పాడ్‌కాస్ట్, ఆడియో పుస్తకం, పాఠం ఏదైనా జరిగే పని దాదాపు ఒకటే. ఒక గొంతు, ఒకటి రెండు ట్రాకులు, తడబడ్డ చోట కోత, చివర్లో శబ్దం స్థాయి సరిచేయడం. ఇంతవరకైతే ఆడాసిటీ చాలు. తెరవగానే ఎర్ర బటన్ కనిపిస్తుంది, నొక్కితే రికార్డవుతుంది. అరగంటలో ఎవరైనా పనిలో పడిపోవచ్చు. బడిపిల్లలతో పద్యాలు రికార్డు చేయించే పంతులుగారికి దీనికన్నా మంచిది నేను చెప్పలేను.

కానీ ఆడాసిటీకి ఒక పాత అలవాటు ఉంది, అది తెలియక పని పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఎఫెక్ట్ వేస్తే అది నేరుగా శబ్దాన్నే మార్చేస్తుంది. ప్రాజెక్టు తెరిచి ఉన్నంతసేపు అన్‌డూ పనిచేస్తుంది. మూసేస్తే ఆ చరిత్ర అంతా పోతుంది. నాయిస్ రిడక్షన్ కాస్త ఎక్కువ వేసి, సేవ్ చేసి పడుకుంటే తెల్లారి అసలు గొంతు ఎక్కడా దొరకదు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి ఈక్వలైజర్, కంప్రెసర్ వంటివి ట్రాక్ మీద ఉంచి, వద్దనుకున్నప్పుడు తీసేసే వీలు వచ్చింది. అది చాలా పెద్ద మార్పు. నాయిస్ రిడక్షన్ మాత్రం 3వ వరస వెర్షన్లలో పాత పద్ధతిలోనే ఉండిపోయింది. కాబట్టి రికార్డింగ్ అయిన వెంటనే ట్రాక్‌కు నకలు తీసి, అసలుదాన్ని మ్యూట్ చేసి పక్కన పెట్టడం నియమంగా పెట్టుకోవాలి. 2021కి ముందు ఆడాసిటీ ప్రాజెక్టు అంటే ఒక చిన్న ఫైలు, దాని పక్కన వందల ముక్కలున్న ఫోల్డరు. చిన్న ఫైలును మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్లినవాళ్లకు అక్కడ ఖాళీ ప్రాజెక్టే తెరుచుకునేది. 3.0 వెర్షన్‌తో అంతా ఒకే ఫైలైంది.

నాయిస్ రిడక్షన్ గురించి తెలుగు చదివేవాళ్లు ప్రత్యేకంగా ఆలోచించాలి. ఫ్యాను హోరు, ఏసీ మోత సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఎలా ఉంటాయో, శ, ష, స ల ఒరిపిడి, ఖ, ధ, భ వంటి ఒత్తక్షరాల్లోని ఊపిరి కూడా చాలావరకు అలాగే ఉంటాయి. హోరును గట్టిగా తుడిస్తే ఆ ఊపిరి కూడా పోతుంది. ‘భాష’ వట్టి ‘బాస’కు దగ్గరవుతుంది, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. పద్యం చదివేవాడికి ఇంతకన్నా నష్టం లేదు. ఫ్యాను ఆపి, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ నుంచి తీసి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి చదివితే, తర్వాత తుడవాల్సింది చాలా తగ్గుతుంది. ఎండాకాలంలో ఇది కష్టమే. తెల్లవారుజామున చదవడం అన్నిటికన్నా మేలైన ఉపాయం.

అసలు రికార్డింగ్‌ను కాపాడే విషయంలో రీపర్ మొదటి నుంచీ వేరు. అందులో మనం కోసేది, జరిపేది, తగ్గించేది తెర మీది క్లిప్పును మాత్రమే. డిస్కు మీద పడ్డ అసలు ఫైలును అది తాకదు. నెల తర్వాత వచ్చి ఆ క్లిప్పు అంచు పట్టుకుని లాగితే కోసేసిన వాక్యం మళ్లీ బయటికి వస్తుంది. దగ్గు వచ్చిన ఒక్క ముక్క మీదే ఎఫెక్ట్ వేయవచ్చు. ఒకే చరణాన్ని అయిదారుసార్లు పాడి, ఏ పాదం ఎందులో బాగా పడిందో ఏరి ఒక్కటిగా కలపడానికి 2023లో వచ్చిన 7వ వెర్షన్‌లోని లేన్ల ఏర్పాటు చాలా సుఖంగా ఉంటుంది. నేను రీపర్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. ఇంట్లో పనిచేసేవాడికి పక్కన ఇంజనీరు ఉండడు, రెండోసారి స్టూడియో అద్దెకు తీసుకునే స్తోమత ఉండకపోవచ్చు. వాడి అసలు రికార్డింగ్ చెడిపోకుండా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం.

రీపర్‌తో చిక్కు దాని మొదటి పరిచయం. తెరిస్తే ఖాళీ తెర, మెనూల నిండా వందల ఆదేశాలు. వీణో తబలానో వాయించే వాయిద్యాల సరంజామా అందులో దాదాపు లేదు, విడిగా తెచ్చుకోవాలి. మొదటి వారం చిరాకు పెడుతుంది. ఆ వారం దాటినవాళ్లు మాత్రం సాధారణంగా వెనక్కి వెళ్లరు. ఇంకో మాట కూడా చెప్పాలి. చూపు లేనివాళ్లు స్వతంత్రంగా రికార్డింగ్ చేసుకోవడానికి రీపర్, దానికి ఉచితంగా దొరికే ఒసారా అనే జోడింపు, ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ కలిస్తే పని మొత్తం కీబోర్డు మీదే జరుగుతుంది. మన దగ్గర చూపులేని గాయకులు, వాద్యకారులు ఎంతోమంది ఉన్నారు. సంగీత పాఠశాలలు ఈ సంగతి వాళ్లకు చెప్పాలి, నేర్పాలి.

పాటల దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ముందు వినబడే ఇబ్బంది ఆలస్యం. పాడిన మాట హెడ్‌ఫోన్‌లోకి తిరిగి వచ్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ పెడితే ఒకవైపు ప్రయాణానికి అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు. 1024 పెడితే 21 దాటుతుంది, అప్పుడు తాళం జారుతుంది. విండోస్‌లో ఈ ఆలస్యం తగ్గించేందుకు స్టైన్‌బర్గ్ 1997లో ఆసియో అనే పద్ధతి తెచ్చింది. రీపర్, క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో దాన్ని వాడతాయి. ఆడాసిటీ మాత్రం లైసెన్సు అడ్డంకి వల్ల చాలాకాలం ఆసియో లేకుండానే వచ్చింది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి అందుతుంది. ఒక్క గొంతుకు అది చాలు. వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకునేవాళ్లు ఆడాసిటీతో కుస్తీ పట్టనక్కర్లేదు.

కర్ణాటక సంగీతం రికార్డు చేసేవాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీలు చెప్పని సంగతులు రెండు మూడు ఉన్నాయి. ఈ సాధనాలన్నీ నాలుగు దెబ్బల కొలతను, పన్నెండు సమాన స్థాయుల స్వరాలను మనసులో పెట్టుకుని తయారైనవి. ఆది తాళానికి పెద్ద ఇబ్బంది లేదు. మిశ్రచాపుకు ప్రాజెక్టును ఏడుకు, ఖండచాపుకు అయిదుకు మార్చుకోవాలి. ఆడాసిటీలో ప్రాజెక్టు మొత్తానికి ఒకటే కొలత. రీపర్, క్యూబేస్, మాక్‌లో నడిచే లాజిక్‌లలో మధ్యలో ఎక్కడంటే అక్కడ కొలత, వేగం మార్చవచ్చు. ఆలాపనకూ, పద్యానికీ కొలత గళ్లే వద్దు. స్నాప్ అనే మీట ఆపేయకపోతే మనం కోసిన చోటు కాక దగ్గరి గడి దగ్గర కోత పడుతుంది.

శ్రుతి సంగతి ఇంకా ముఖ్యం. శ్రుతిపెట్టెను బయట స్పీకర్లో మోగించుకుంటూ పాడితే ఆ నాదం గొంతుతో పాటు మైకులో పడుతుంది. తర్వాత గొంతును ఎక్కడ కోసినా తంబూర నాదం తెగినట్టు స్పష్టంగా వినబడుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని అతకలేదు. తంబూరను వేరే ట్రాక్‌లో ఉంచి హెడ్‌ఫోన్‌లో వింటూ పాడితే గొంతును ఎన్ని ముక్కలు చేసినా కింద నాదం తెగదు. దీనికి పైసా ఖర్చు లేదు. నా దృష్టిలో ఇది ఖరీదైన ప్లగిన్ల కన్నా విలువైన జాగ్రత్త.

ఇక శ్రుతి దిద్దే ప్లగిన్లు. 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ తెచ్చిన ఆటో-ట్యూన్, దాని తర్వాత వచ్చినవన్నీ గొంతును దగ్గర్లోని స్వరస్థానానికి లాగుతాయి. తోడిలోని గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊగడమే తోడి. ప్లగిన్‌కు అది తప్పుగా కనిపిస్తుంది. వేగం పెంచి వదిలితే గమకం మొత్తాన్ని చదును చేసి చేతికిస్తుంది. జర్మనీలోని సెలెమొనీ తయారుచేసే మెలోడైన్‌లో ఒక్కో స్వరాన్ని విడిగా తీసి, దాని ఊగుడును ముట్టుకోకుండా స్థానాన్ని మాత్రమే కాస్త జరిపే వీలుంది. క్యూబేస్‌లోని వేరిఆడియో, లాజిక్‌లోని ఫ్లెక్స్ పిచ్ కూడా ఆ దారివే. సినిమా పాటకో లలిత గీతానికో చేయి జాగ్రత్తగా ఉంటే వాడుకోవచ్చు. కీర్తనకు మాత్రం ఆ చరణం మళ్లీ పాడటమే మంచిది.

బీట్లు కట్టి, వాయిద్యాలు కంప్యూటర్లోనే వాయించుకునే కుర్రాళ్లకు ఎఫ్ఎల్ స్టూడియో సహజమైన చోటు. ఒకసారి కొంటే వచ్చే వెర్షన్లన్నీ ఉచితమన్న మాటను ఆ సంస్థ ఏళ్లుగా నిలబెట్టుకుంటోంది. కొనేముందు రెండు సంగతులు తెలిసి ఉండాలి. ట్రయల్ వెర్షన్‌లో సేవ్ చేసినదాన్ని కొనే వరకూ తిరిగి తెరవలేం. అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్ గొంతు రికార్డింగ్ కోసం కాదు, దానికి పైమెట్టు ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. పాడేవాళ్లు ధర చూసి చిన్నది కొని తర్వాత బాధపడతారు.

మాక్ ఉన్నవాళ్లకు వేరే ఆలోచన అక్కర్లేదు. 2004లో వచ్చిన గరాజ్‌బ్యాండ్ అందులో ఉచితం, ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. అది చాలనప్పుడు లాజిక్ ప్రో, అమెరికా ధరలో 200 డాలర్లు, ఒక్కసారి చెల్లింపు. దాంతో వచ్చే వాయిద్యాల రాశి చూస్తే ఆ ధర తక్కువే. లాజిక్ ఒకప్పుడు విండోస్‌లోనూ ఉండేది. 2002లో ఆపిల్ ఈమాజిక్ సంస్థను కొన్నాక విండోస్ వెర్షన్ ఆగిపోయింది. లైనక్స్ వాడేవాళ్లకు ఆర్డర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, రీపర్ కూడా నడుస్తుంది. వీడియో ఎడిటింగ్ కోసం డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్లు, అందులోనే ఫెయిర్‌లైట్ అనే ఆడియో విభాగం ఉచిత వెర్షన్‌లో కూడా ఉందని చూసుకుంటే వేరే సాఫ్ట్‌వేర్ అవసరం పడకపోవచ్చు.

ప్రో టూల్స్ నేర్చుకోకపోతే సినిమా అవకాశాలు రావన్న భయం హైదరాబాద్‌లో పాడాలని చూసే పిల్లల్లో బలంగా ఉంది. ఆ భయం అనవసరం. పెద్ద స్టూడియోలో ఇంజనీరు ఉద్యోగం కావాలనుకునేవాళ్లు తప్పక నేర్చుకోవాలి. దానికీ చిన్న ఉచిత వెర్షన్ ప్రో టూల్స్ ఇంట్రో ఉంది, ఎనిమిది ఆడియో ట్రాకుల దాకా. గాయకులు, రచయితలు, డబ్బింగ్ చెప్పేవాళ్లు ఇంటి నుంచి పంపాల్సింది ప్రాజెక్టు కాదు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. ట్రాకులన్నీ సున్నా దగ్గర నుంచి మొదలయ్యేలా తీసి పంపితే అవతల ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా సరిగ్గా కూర్చుంటాయి. ఒక్క గొంతు ఈ కొలతలో గంటకు 520 ఎంబీ దాకా అవుతుంది. డిస్కు మీద చోటు చూసుకుని మొదలుపెట్టాలి. పంపేది ఎంపీ3గా మార్చి పంపకూడదు.

ధర గురించి మాట్లాడేటప్పుడు క్రాక్ సంగతి దాటేయడం న్యాయం కాదు. వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌ను తాళం పగలగొట్టి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే అలవాటు మన ఊళ్లలో పాతదే. డబ్బు లేక అలా మొదలుపెట్టినవాళ్లను నిందించాలని నాకు లేదు. ఇవాళ మాత్రం ఆ అవసరం లేదు. క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్ రావచ్చు, విండోస్ అప్‌డేట్ అయిన రోజున ప్రాజెక్టులు తెరుచుకోకపోవచ్చు, సాయం అడగడానికి ఎవరూ ఉండరు. రీపర్ 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడమంటుంది. ఆ తర్వాత వ్యక్తులకూ, ఏడాదికి 20,000 డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న వ్యాపారాలకూ లైసెన్సు 60 డాలర్లు, అంటే 5,000 రూపాయల పైచిలుకు. ఒక మంచి మైకు స్టాండు, పాప్ ఫిల్టరు, కేబుళ్ల ఖర్చు అటూ ఇటూగా అంతే అవుతుంది. కొత్త ఇంటర్‌ఫేస్ కొన్నవాళ్లు ముందు పెట్టెలోని కాగితాలు చూడాలి. చాలా పెట్టెల్లో క్యూబేస్ చిన్న వెర్షనో, ఏబుల్టన్ లైవ్ లైటో ఉచితంగా వస్తుంది. ఆ కోడ్ వాడకుండా పారేసేవాళ్లే ఎక్కువ.

చివరి కొలబద్ద, పదేళ్ల తర్వాతి సంగతి. కేక్‌వాక్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1987 నుంచి ఉన్న ఆ సంస్థ 2016లో తన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సోనార్‌కు జీవితకాలపు అప్‌డేట్లు అమ్మింది. 2017 నవంబరులో యజమాని గిబ్సన్ దాని తయారీనే ఆపేసింది. 2018లో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితంగా ఇవ్వడంతో వాడకందార్లు ఊపిరి పీల్చుకున్నారు. 2023లో మళ్లీ పేర్లు, ఏర్పాట్లు మారాయి. ఒకప్పుడు మన దేశంలో ఎన్నో గదుల్లో ఉన్న కూల్ ఎడిట్ 2003లో అడోబీ చేతికి వెళ్లి ఆడిషన్ అయింది, ఇప్పుడు చందా కట్టి వాడాలి. సాఫ్ట్‌వేర్లు చేతులు మారతాయి, చందాలు పెరుగుతాయి, కొన్ని మూతపడతాయి. తాతయ్య చెప్పిన హరికథ, అమ్మమ్మ పాడిన మంగళహారతి మళ్లీ రికార్డు చేయలేం. పని పూర్తయిన ప్రతిసారీ ప్రతి ట్రాకునూ మొదటి నుంచి చివరి దాకా మామూలు వేవ్ ఫైలుగా తీసి, ఊరు, తేదీ, పాడినవాళ్ల పేరు రాసి, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి. వేవ్ ఫైలును తెరవలేని ఆడియో సాఫ్ట్‌వేర్ లేదు.

నా తీర్పు ఇది. ఒక్క గొంతుతో కథో పాఠమో చదివేవాళ్లు ఆడాసిటీతో మొదలుపెట్టి, నకలు ట్రాక్ నియమం పాటిస్తే ఇంకేదీ కొననక్కర్లేదు. పాటలు, పద్యాలు, పెద్ద ఆడియో పుస్తకాలు చేసేవాళ్లు, విండోస్ అయినా లైనక్స్ అయినా, రీపర్ తీసుకోవాలి. మాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్, ఆ తర్వాత లాజిక్. బీట్ల పని అయితే ఎఫ్ఎల్ స్టూడియో ప్రొడ్యూసర్ ఎడిషన్. ఏది తీసుకున్నా కనీసం ఒక ఏడాది దాన్ని మార్చకండి. మిగిలిన డబ్బు ఉంటే మైకు మీద, గది గోడలకు కట్టే మందపాటి తెరల మీద పెట్టండి.